కూర్చున్నచోటే ఎదిగిన ఛాంపియన్

ఓక్రిమ్ జిల్లా పల్లెలన్నిటిలో పొద్దున్న ఆరింటికి మైకులు ఒక్కసారిగా గొంతు సవరించుకున్నాయి.

"జిల్లా ప్రజలకు శుభవార్త! మన మట్టిలో పుట్టి, మన వెల్లుల్లి తిని పెరిగిన తాక్ సొన్యే గారు ప్రపంచ మహిళా వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో నిన్న సాయంత్రం ఆరో స్థానం నుంచి ఐదో స్థానానికి ఎదిగారని తెలియజేయడానికి గర్విస్తున్నాం. ఈ విజయం గౌరవనీయ జిల్లా చైర్మన్ బోంగ్ ఛాంగ్సిక్ గారి దూరదృష్టికి నిదర్శనం. అలాగే, ఎరువు బస్తాలు ఇంకా తీసుకెళ్ళనివాళ్ళు ఇవాళే తీసుకెళ్ళాలి."

మైకులు చెప్పిన ఆ నిన్న సాయంత్రం, సరిగ్గా ఎదిగే సమయానికి, తాక్ సొన్యే ప్రాథమిక పాఠశాల వంటగదిలో సూప్ గుండిగ తోముతోంది. తాను ఎదుగుతున్నట్టు ఆవిడకు ఏమీ తెలియలేదు. నడుము మాత్రం కాస్త పట్టేసింది.

ఆ పోటీలు జరిగి అప్పటికే ఆరేళ్ళయింది. సొన్యే వెళ్ళింది, ఎత్తింది, ఆరో స్థానంలో నిలిచింది, తిరిగొచ్చింది. ఆ రోజు బరువులెత్తినవాళ్ళందరి మూత్రం సీసాలూ ఏదో దేశంలో ఐసుపెట్టెలో ఉన్నాయి. పదేళ్ళదాకా వాటిని దాచుతారు. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా మూత తీసి చూస్తారు. అలా చూసినప్పుడు, సొన్యేకి పైన నిలిచిన అయిదుగురిలో ఒకావిడ వాడకూడని మందు వాడినట్టు తేలింది. ఆవిడ పేరు కొట్టేశారు. కింద ఉన్నవాళ్ళు తలా ఒక మెట్టు పైకి జరిగారు.

మైకు ప్రకటన రాసింది క్రీడాభివృద్ధి విభాగం గుమాస్తా మేంగ్ గ్యుహో. ఆ విభాగంలో అధికారి, గుమాస్తా, ప్యూను అన్నీ అతనే. ఆరేళ్ళ కిందట సొన్యే సంచి మోసుకుంటూ పోటీలకు వెళ్ళిందీ అతనే. తిరిగొచ్చిన నెలకే, అప్పుడే కొత్తగా గెలిచిన బోంగ్ చైర్మన్ చెబుతుంటే, "ఆరో స్థానానికి ప్రపంచంలో ఎక్కడా పతకం లేదు కనుక జిల్లా వెయిట్‌లిఫ్టింగ్ జట్టును రద్దు చేయడమైనది" అని టైపు కొట్టిందీ అతనే. అక్షర దోషం ఒక్కటి కూడా లేకుండా కొట్టాడు.

చైర్మన్ గదిలో ఆ ఉదయం ఉత్సాహం పొంగిపోతోంది.

"ఏమయ్యా మేంగ్, ఆవిడ ఇంకా ఎత్తుతూనే ఉందా?"

"లేదండి. బడి వంటగదిలో పని చేస్తోంది."

"వంట చేస్తూనే ఐదో స్థానమా!" చైర్మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూశావా, పట్టుదల అంటే అదీ. మిగతావాళ్ళు ఏవేవో మింగారు, యంత్రం పట్టుకుంది. మన పిల్ల తిన్నది వెల్లుల్లి. ఆరేళ్ళ తర్వాత పనిచేయడం మొదలుపెట్టింది. పిలిపించు."

సొన్యే ఏప్రన్ తోనే వచ్చింది. భుజాలు తలుపుకు సరిపోక కాస్త పక్కకు తిరిగి లోపలికి వచ్చింది.

"ఏం కావాలో కోరుకో తల్లీ! జిల్లా నీకు రుణపడి ఉంది."

"పైకప్పు," అంది సొన్యే.

జట్టు రద్దయినా షెడ్డు మిగిలింది. ఒకప్పటి వెల్లుల్లి గోదాము అది. సాయంత్రాలు సొన్యే అక్కడ ఏడుగురు ఆడపిల్లలకు ఉచితంగా బరువులెత్తడం నేర్పుతోంది. రేకులు తుప్పుపట్టి జల్లెడలయ్యాయి. వాన పడితే నీళ్ళు సరిగ్గా ఎత్తే చోటే కారతాయి. చేతులు జారకుండా పూసుకునే తెల్లపొడి ముద్దయిపోతుంది. తలమీదికి ఎత్తిన ఇనప కడ్డీ తడిచేతుల్లో ఎటు జారుతుందో ఎవరికీ తెలియదు.

చైర్మన్ మేంగ్ వైపు చూశాడు. మేంగ్ నేల వైపు చూశాడు.

"కప్పు అంటే మరమ్మతు అవుతుందండి. జట్టు రద్దయింది కాబట్టి షెడ్డు కాగితాల్లో లేదండి. లేని షెడ్డుకు మరమ్మతు..."

"విన్నావుగా తల్లీ," అన్నాడు చైర్మన్ ఎంతో బాధగా. "నాకు ఇవ్వాలనే ఉంది. లేని కట్టడానికి కప్పు వేస్తే రేపు లోకం నన్నేమనుకుంటుంది? పోనీ, అభినందనకు నిధులున్నాయా మేంగ్?"

"పుష్కలంగా ఉన్నాయండి."

"అయితే ఫ్లెక్సీ కొట్టించు!"

పెద్ద కూడలిలో ఫ్లెక్సీ లేచింది. అందులో చైర్మన్ ముఖం నిలువెత్తున నవ్వుతోంది. ఆయన చెవి కింద, వెల్లుల్లి పాయంత సైజులో సొన్యే కడ్డీ ఎత్తుతోంది.

పదిహేను రోజులకు ఫ్లెక్సీ దించాలి. అది రూలు. దించిన ఫ్లెక్సీల కోసం వెల్లుల్లి రైతులు ఆఫీసు స్టోరు దగ్గర కాపు కాస్తారు. ఎండబెట్టిన పంట మీద కప్పడానికి అంతకు మించిన గుడ్డ లేదు. ఓక్రిమ్‌లో ఓడిపోయిన ప్రతి నాయకుడూ ఏదో ఒక పొలంలో వెల్లుల్లికి కాపలా ఉన్నాడు. ఆ రోజు మేంగ్ స్టోరుకు వెళ్ళేసరికి వరసలో అందరికంటే ముందు సొన్యే నిలబడి ఉంది.

"ఏంటమ్మాయ్, నీకు వెల్లుల్లి తోట ఎప్పుడొచ్చింది?" వెనకనుంచి ఒక ముసలావిడ అరిచింది. "వరసలో దూరడానికి ప్రపంచంలో ఐదోదానివైతే సరిపోతుందా?"

"ఈ ఒక్కటీ నాకు వదిలెయ్ పిన్నీ. వచ్చేసారి నీ బస్తాలన్నీ నేనే బండికెక్కిస్తా."

"అన్నీనా?"

"అన్నీ."

"అయితే తీస్కో. ఆ ముఖం పొలంలో పెడితే పిట్టలు కూడా రావు, నాకెందుకు!"

సొన్యే ఫ్లెక్సీని చుట్టి భుజాన వేసుకుని, మేంగ్ వైపు తిరిగింది.

"మేంగ్ అన్నా, మళ్ళీ నేను ఎదిగితే ఫ్లెక్సీ వేస్తారా?"

"వేస్తారు. ఇక ఆయన ఆగరు."

"అయితే ఈసారి కాస్త వెడల్పుగా కొట్టించండి."

వారం తర్వాత షెడ్డు వైపు వెళితే మేంగ్‌కు సంగతి అర్థమైంది. తుప్పు రేకుల మీద ఫ్లెక్సీ పరిచి, నాలుగు వైపులా తాళ్ళతో బిగించి ఉంది. చైర్మన్ ఆకాశంలోకి చూసి నవ్వుతున్నాడు.

"కారుతోందా?" అని అడిగాడు.

"చైర్మన్ గారి ముఖం ఉన్నచోట చుక్క దిగట్లేదు," అంది సొన్యే. "అక్కడ రంగు మందం. నా బొమ్మ ఉన్నచోట మాత్రం చెమ్మ వస్తోంది."

తర్వాతి ఏడు ఇంకో సీసా మూత తీశారు. సొన్యే నాలుగో స్థానానికి ఎదిగింది. అప్పుడామె నిద్రలో ఉంది. జిల్లా ముఖద్వారం దగ్గర కడ్డీ ఎత్తుతున్న వెల్లుల్లి విగ్రహం వెలిసింది. మూడు నిలువుల ఎత్తు, ఫైబరుది, కండలు తిరిగిన చేతులు, కనురెప్పలు కూడా ఉన్నాయి. సొన్యేని పోలేలా ముక్కు పెడదామా అని శిల్పి అడిగితే, వెల్లుల్లికి ముక్కు బాగోదని చైర్మన్ వద్దన్నాడు. సొన్యే మళ్ళీ పైకప్పు అడిగింది. చైర్మన్ మళ్ళీ బాధపడ్డాడు. మేంగ్ రెండో ఫ్లెక్సీ రెండు బారలు ఎక్కువ వెడల్పుతో కొట్టించాడు.

ఆ వానాకాలంలోనే ఫ్లెక్సీ చాలని వైపు నిలబడి ఎత్తుతున్న హాయోన్ అనే పిల్ల చేతిలోంచి కడ్డీ జారింది. మణికట్టు విరిగింది. జానెడు ఇటు పడితే తల పోయేది. సొన్యే ఆ పిల్లను వీపున వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. మేంగ్ పరామర్శకు వెళితే ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

"పైన ఇంకా ముగ్గురున్నారు అన్నా. త్వరగా దొరికిపోతే బాగుండు," అంది. ప్రపంచ ఛాంపియన్ కావాలని ఇంత ఆశపడినవాళ్ళను మేంగ్ చూడలేదు.

ఆమె కోరిక ఫలించింది. చలికాలంలో మూడో స్థానం. అంటే పతకం! అది పోస్టులో వచ్చింది. బుడగల కాగితం సంచీలో, మంగళవారం. మేంగ్ సంతకం పెట్టి తీసుకున్నాడు.

సన్మానం జిల్లా సభామందిరంలో. ప్రపంచ పోటీల్లో ఉన్నట్టే మూడు మెట్ల పీఠం చేయించారు. మూడో మెట్టు మీద సొన్యే నిలబడింది. మొదటి రెండు మెట్లూ ఖాళీగా ఉండటం చూసి చైర్మన్ మనసు ఆగలేదు.

"ఫొటోలో బోసిగా ఉంటుందయ్యా," అని మొదటి మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీద వెల్లుల్లి సహకార సంఘం అధ్యక్షుణ్ణి నిలబెట్టాడు. మర్నాడు పత్రికల్లో ఫొటో చూసినవాళ్ళు చైర్మన్ గారు ఏ బరువు విభాగంలో గెలిచారని ఆఫీసుకు ఫోన్ చేసి అడిగారు.

రెండు నెలలకు రెండో స్థానం. సొన్యే ఒక మెట్టు పైకి జరిగింది. సహకార సంఘం అధ్యక్షుడు మూడో మెట్టుకు దిగాడు. ఆయన దానికి చాలా నొచ్చుకున్నాడు, తానేం మందూ వాడలేదని అందరికీ చెప్పుకున్నాడు. చైర్మన్ మాత్రం తన స్థానం నిలబెట్టుకున్నాడు.

"ఏం కావాలో కోరుకో తల్లీ!"

"పైకప్పు."

"నీ నిలకడ చూస్తే ముచ్చటేస్తోంది!"

నాలుగు ఫ్లెక్సీలతో షెడ్డు కప్పు దాదాపు నిండింది. ఈశాన్యం మూల ఒక్కటే మిగిలింది. అక్కడ పిల్లలు కూర్చునే బల్ల ఉంటుంది. ఆ మూలను సొన్యే టేపుతో కొలిచి, కొలత చీటీ మీద రాసి మేంగ్ జేబులో పెట్టింది. బంగారం ఫ్లెక్సీ ఆ కొలతకే కొట్టించాలి.

బంగారం కబురు ఏప్రిల్‌లో వచ్చింది. జూన్ మొదట్లో ఎన్నికలు.

ఉత్తరం చదివి చైర్మన్ కుప్పకూలిపోయాడు. ఎన్నికలు దగ్గరపడ్డాక పోటీలో ఉన్నవాళ్ళ పేరుగానీ ముఖంగానీ ఉన్న ఫ్లెక్సీ ఒక్కటి కూడా కట్టకూడదు. సన్మానం చేయకూడదు. ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. మూడోసారి నిలబడుతున్న మనిషి, చేతిలో ప్రపంచ ఛాంపియన్, నోరు కట్టేశారు.

"ఒక్క నెల ముందు దొరికి చావలేకపోయిందా ఆ మొదటావిడ!" అన్నాడు. "ముఖం లేకుండా వేస్తే?"

"వేయొచ్చండి. కోచ్ సొన్యే గారి బొమ్మ ఒక్కటే వేసి..."

"ఆవిడ బొమ్మ ఒక్కటేనా?" చైర్మన్‌కు మాట అర్థం కాలేదు. "దేనికి?"

అలా బంగారం ఫ్లెక్సీ ఆగిపోయింది. కొలత చీటీ మేంగ్ జేబులోనే ఉండిపోయింది.

మే నెలలో ఎన్నికల సంఘం నుంచి యొమ్ ఆరీన్ అనే అధికారిణి వచ్చింది. చిన్న వయసు, పెద్ద బూట్లు. హైవే వంతెన మీంచి వెళుతుంటే కొండ కింద నలుగురు చైర్మన్లు కనిపించారట. దుర్బీను పెట్టి మళ్ళీ చూసిందట. రాష్ట్రం మొత్తంలో ఇంత పెద్ద అక్రమ ప్రచారం ఇంకెక్కడా దొరకలేదని, తన పై అధికారులు ముచ్చటపడ్డారని చెప్పింది.

షెడ్డు ముందు అందరూ నిలబడ్డారు. లోపల పిల్లలు కడ్డీలు కింద పడేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఈ ఫ్లెక్సీలు ఎవరివి?" అంది యొమ్ ఆరీన్.

"నావి కావమ్మా. కోచ్ గారికి ఇచ్చేశాం," అన్నాడు చైర్మన్.

"ఓటరుకు కానుక ఇచ్చారు." ఆమె రాసుకోబోయింది.

"ఆగండాగండి! ఇవ్వలేదు. అవి ఆఫీసువే."

"అయితే ఆఫీసు గుడ్డతో అభ్యర్థి ప్రచారం." మళ్ళీ రాసుకోబోయింది.

"ఏమయ్యా మేంగ్, ఇచ్చామా, ఇవ్వలేదా?"

"తమరు ఎలా అంటే అలాగేనండి."

"రెంటిలో ఏది రాయమంటారో త్వరగా చెప్పండి," అంది ఆరీన్. "మూడు రోజుల్లో అది అక్కడ కనిపించకూడదు. కనిపిస్తే మీ పేరు జాబితాలో కనిపించదు."

"ఎక్కి పీకించేస్తాను! ఇప్పుడే!"

అప్పటిదాకా మాట్లాడని సొన్యే నడుము బెల్టు విప్పుతూ బయటికి వచ్చింది. "ఎక్కండి. ఆ రేకుల్లో ఇనుము లేదు, తుప్పే ఉంది. ఇప్పుడు ఆ కప్పును పట్టుకుని ఉన్నది చైర్మన్ గారి ముఖాలే. తాళ్ళు కోస్తే మొత్తం వచ్చి పిల్లల నెత్తిన పడుతుంది. పదిహేను రోజుల్లో వానలు. నేను కోయనివ్వను."

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ప్రపంచంలో మొదటి స్థానం ఎలా ఉంటుందో చైర్మన్ అప్పుడే మొదటిసారి దగ్గరగా చూశాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"పీకనక్కర్లేదు," అంది ఆరీన్ పుస్తకం మూస్తూ. "కనబడకుండా ఉంటే చాలు. పైన ఏదైనా కప్పండి."

"ఏదైనా అంటే?"

"కప్పు," అంది సొన్యే.

ఆఫీసుకు వచ్చాక చైర్మన్ తల పట్టుకున్నాడు. "లేని కట్టడానికి కప్పెలా వేస్తామయ్యా? నువ్వేగా చెప్పావు!"

మేంగ్ ఎన్నికల సంఘం నోటీసు ముందు పెట్టాడు. "ఇదిగోండి, 'సదరు కట్టడంపై' అని రాశారు. కట్టడం ఉన్నట్టు ప్రభుత్వమే ఒప్పుకుంది. లేకపోతే దాని మీద తప్పు జరగదు కదండి."

ఎనిమిదేళ్ళుగా లేని షెడ్డు, కాఫీ కప్పు సగం ఖాళీ అయ్యేలోపు పుట్టింది. చైర్మన్ సంతకం పెట్టాడు. పెడుతూ ఆగి, "మొత్తం వేయొద్దు," అన్నాడు. "నా ముఖం ఉన్నంత మేరే. జానెడు ఎక్కువేసినా ఆ ఎన్నికల సంఘం పిల్ల కానుక అని రాసేస్తుంది."

మూడో రోజు సాయంత్రానికి చైర్మన్ ముఖాల మీదుగా ఇనుప చట్రం లేచింది, కొత్త నీలం రేకులు పరుచుకున్నాయి. సరిగ్గా ముఖాలు ఉన్నంత మేర. యొమ్ ఆరీన్ వంతెన మీంచి దుర్బీను పెట్టి చూసి, తృప్తి పడి వెళ్ళిపోయింది. సొన్యే లోపల తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి సాచి తెల్లపొడి తీసి అరచేతులకు పూసుకుంది. పొడి పొడిగానే ఉంది.

ఎన్నికలు జరిగాయి. ముగ్గురు పోటీ చేశారు. బోంగ్ ఛాంగ్సిక్ గారు మూడో స్థానం సాధించారు.

వానలు మొదలైన నాలుగో రోజు, మేంగ్ బంగారు పతకం పట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు. అదీ బుడగల సంచీలోనే వచ్చింది. సొన్యే చేతులు తుడుచుకుని, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, తువ్వాలు తగిలించే మేకుకు తగిలించింది. తిరిగి చూస్తే ఈశాన్యం మూల బల్ల మీద మాజీ చైర్మన్ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద నోట్‌బుక్.

"రోజూ వస్తున్నాడు," అంది సొన్యే మెల్లగా. "తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి పోతున్నాడు. నాకోసం వంటగది గేటు దగ్గర కూడా నిలబడుతున్నాడు."

"కోచ్ గారూ!" అని పిలిచాడు బోంగ్. గొంతులో వినయం ఉంది. అది కొత్తది, ఇంకా సరిగ్గా పట్టలేదు. "దాచకుండా చెప్పాలి. ఆరో స్థానం నుంచి మొదటికి రావడానికి ఏం చేశారు?"

"ఏం చేయలేదు. వంట చేశాను."

"ఏం వంట?"

"సోమవారం పాలకూర సూప్. బుధవారం ముల్లంగి."

ఆయన రాసుకున్నాడు. "శుక్రవారం?"

"చేప."

చేప కూడా రాసుకున్నాడు. తర్వాత మేంగ్‌ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "పైనున్న ఇద్దర్నీ మళ్ళీ పరీక్షించమని అర్జీ పెట్టానయ్యా."

"అయ్యా, చైర్మన్ పదవికి అలా కుదరదండి. వాళ్ళను తీసేసినా మళ్ళీ ఎన్నిక పెడతారు, తమర్ని పైకి జరపరు."

"ఆవిడకు ఆరో స్థానం వచ్చినప్పుడు కూడా నువ్వు ఇలాగే ఇక అయిపోయిందన్నావు."

"అన్నది తమరండి."

"ఎవరో ఒకరు అన్నారు కదా! ఆవిడ ఎనిమిదేళ్ళు ఆగింది. నేను ఆగలేనా?" బోంగ్ నడుము నిటారు చేశాడు. "రాసుకో. 'గౌరవనీయ బోంగ్ ఛాంగ్సిక్ గారు మూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎదిగిన శుభ సందర్భంగా...' తేదీ ఖాళీ వదిలెయ్."

ఇరవై ఏళ్ళ అలవాటు. మేంగ్ చెయ్యి దానంతట అదే జేబులోకి పోయి పెన్ను తీసింది. పెన్నుతో పాటు మడత పెట్టిన పాత కొలత చీటీ ఒకటి వచ్చింది.

బయట వాన పెరిగింది. నీలం రేకుల మీద చప్పుడు నిండుగా, ఎక్కడా తెగకుండా వినిపిస్తోంది. కింద హాయోన్ కడ్డీ పట్టుకుని ఊపిరి బిగబట్టింది. బోంగ్ నుదుటి మీద ఒక చుక్క పడింది. తుడుచుకున్నాడు. ఇంకోటి నోట్‌బుక్‌లో ముల్లంగి సూప్ మీద పడింది. ఆయన తలెత్తి చూశాడు. సరిగ్గా ఆ మూల నెత్తిన కప్పు లేదు.

సొన్యే హాయోన్ మణికట్టు మీదనుంచి చూపు తిప్పలేదు.

"మేంగ్ అన్నా," అంది, "ఈసారి కాస్త వెడల్పుగా కొట్టించండి."